అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో ఇంటెలిజెన్స్ ఆఫీసర్: కర్నల్ దాకా దారి ఎలా ఉంటుంది? ఇక్కడి ప్లాటు, ఓసీఐ సంగతేంటి?

బ్రాడీపేట మేనమామ:

మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. పుట్టింది అక్కడే, అమెరికా పౌరుడు. వయసు 26, డేటా అనలిటిక్స్ ఉద్యోగం. ఆ ఉద్యోగం వదలకుండానే ఆర్మీ రిజర్వ్‌లో చేరి మిలిటరీ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ అవుతానంటున్నాడు. నాలుగేళ్లు చేసి మానేసే ఆలోచన కాదు, కర్నల్ దాకా వెళ్లాలని గట్టిగా ఉన్నాడు.

నెలకో శని, ఆదివారాలు, ఏడాదికి రెండు వారాలు చాలంటున్నాడు. పై ర్యాంకుల్లో కూడా అంతేనా? ఇంకోటి, మా నాన్నగారు తుళ్లూరు దగ్గర పూలింగ్‌కిచ్చిన పొలానికి వచ్చిన ప్లాట్లలో ఒకటి వాడి పేర రాశారు. గుంటూరులో ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్ల బ్యాంకు ఖాతా) ఉంది, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి వీసా లేకుండా రావడానికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది. సంబంధాలు కూడా ఈ చుట్టుపక్కలే చూస్తున్నాం. ఇవన్నీ అడ్డమా? ప్లాటు ముందే నా పేరుకి మార్చేస్తే గొడవ ఉండదని మా అక్క అంటోంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రిజర్వ్ లెక్కలు:

మేనమామ గారూ, ముందు ఉద్యోగం వైపు చెప్తాను. ఆస్తి, కార్డు సంగతి వేరేవాళ్లు నాకంటే బాగా చెప్పగలరు.

డిగ్రీ అయి ఉద్యోగంలో ఉన్నవాడికి మామూలుగా మిగిలే దారి ఓసీఎస్. 10 వారాల బేసిక్ ట్రైనింగ్, తర్వాత జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో 12 వారాల ఆఫీసర్ క్యాండిడేట్ స్కూల్, ఆపైన అరిజోనాలో ఫోర్ట్ వాచూకాలో నాలుగు నెలల పైచిలుకు ఇంటెలిజెన్స్ ఆఫీసర్ల మొదటి కోర్సు. మధ్యలో సీటు కోసం ఎదురుచూసే రోజులు కలిపితే మొదటి ఏడాదో ఏడాదిన్నరో సగానికి పైగా యూనిఫాంలోనే గడుస్తుంది. నెలకో రెండు రోజుల లెక్క ఆ తర్వాతే మొదలు. సివిల్ ఉద్యోగానికి 1994 నాటి యూసెరా చట్టం రక్షణ ఉంది: కంపెనీ అనుమతి అక్కర్లేదు, ముందుగా తెలియజేస్తే చాలు. మొత్తం సర్వీసు ఐదేళ్లు దాటనంతవరకు తిరిగి తీసుకోవాల్సిందే. నెలవారీ డ్రిల్లు, ఏడాది ట్రైనింగు ఆ ఐదేళ్లలో కలపరు.

సంతకం పెట్టే ముందు ఒక్కటి చూసుకోమనండి. రిజర్వ్‌లో ఖాళీ ఉన్న పోస్టుని బట్టే బ్రాంచి. రిక్రూటర్ "తర్వాత ఇంటెలిజెన్స్‌కి మార్చుకోవచ్చు" అంటే నమ్మకూడదు. ఏ యూనిట్, ఏ పేరా-లైన్ నంబరు (యూనిట్ పోస్టుల పట్టికలో ఆ పోస్టు గుర్తు) పోస్టు, డాలస్ నుంచి ఎంత దూరం, మూడూ కాగితం మీద ఉండాలి. మొత్తం ఒప్పందం 8 ఏళ్లు. అందులో కొంతకాలం డ్రిల్‌కి వెళ్లేది, మిగతాది పేరు మాత్రం ఉండే ఐఆర్‌ఆర్ జాబితా.

ఇక పాయింట్లు. రిజర్వ్‌లో పెన్షన్‌కి 20 "మంచి సంవత్సరాలు" కావాలి, ఒక్కో ఏడాదికి కనీసం 50 పాయింట్లు. శని, ఆదివారాల్లో నాలుగు నాలుగు గంటల చొప్పున నాలుగు విడతలు, విడతకో పాయింటు. అలా 12 నెలలకి 48. సభ్యత్వానికి 15. రెండు వారాల ట్రైనింగ్‌కి రోజుకొకటి చొప్పున 14. మొత్తం 77. క్రమంగా వెళ్లేవాడికి 50 సమస్యే కాదు. ఎక్కడ పోతుందంటే, ఈ పాయింట్ల ఏడాది జనవరిలో మొదలవదు, చేరిన తేదీ నుంచి మొదలవుతుంది. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లి, కొత్త యూనిట్ దొరికేలోపు ఐఆర్‌ఆర్‌లో పడితే ఆ నెలల్లో సభ్యత్వం పాయింట్లు తప్ప ఏమీ రావు. అలా 43 దగ్గర ఆగిపోయిన ఏడాది పెన్షన్ అర్హతకి లెక్కలోకి రాదు. ఏటా ఆ తేదీకి మూడు నెలల ముందు డీఏ 5016 పాయింట్ల పట్టిక తీసి చూసుకోవాలి. తక్కువైతే దూరవిద్య కోర్సులతో పూడ్చుకోవచ్చు. ఇంటి నుంచో, వేరే యూనిట్‌తోనో చేసిన డ్యూటీ ఉంటే డీఏ 1380 ఫారం మీద అధికారి సంతకం అప్పటికప్పుడే తీసుకోవాలి. రెండేళ్ల తర్వాత ఆ అధికారి ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు.

2018 తర్వాత చేరినవాళ్లకి పెన్షన్ లెక్క ఇలా: పాయింట్లని 360తో భాగించి, 2 శాతంతో గుణించాలి. కర్నల్‌గా దిగేనాటికి 4,000 పాయింట్లు ఉంటే 11.1 ఏళ్లు, అంటే ఎక్కువ జీతం వచ్చిన మూడేళ్ల సగటులో 22 శాతం చిల్లర. అదీ 60 ఏళ్లు నిండాకే మొదలవుతుంది. యాక్టివ్ డ్యూటీకి పిలిచిన ప్రతి 90 రోజులకీ ఆ వయసు మూడు నెలలు తగ్గుతుంది గానీ అన్ని ఆర్డర్లూ అందులోకి రావు. కాబట్టి డబ్బు కోసం చేసే పని కాదిది. ఆ విషయం మీ వాడు ఇప్పుడే మనసులో స్థిరం చేసుకోవాలి.

రిజర్వ్ లెక్కలు:

ప్రమోషన్ల సంగతి విడిగా రాస్తున్నాను, అసలు ప్రశ్న అదే కాబట్టి.

ఫస్ట్ లెఫ్టినెంట్ నుంచి కెప్టెన్‌కి కనీసం 2 ఏళ్లు, కెప్టెన్ నుంచి మేజర్‌కి 4, మేజర్ నుంచి లెఫ్టినెంట్ కర్నల్‌కి 4, అక్కడి నుంచి కర్నల్‌కి 3. ఇవి కనీసాలు. నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. ప్రతి మెట్టుకీ ఒక చదువు ఉంది: మేజర్‌కి కెప్టెన్స్ కెరీర్ కోర్సు, లెఫ్టినెంట్ కర్నల్‌కి ఐఎల్‌ఈ (మేజర్లు చదివే స్టాఫ్ కోర్సు)లో కామన్ కోర్ అనే మొదటి భాగం, కర్నల్‌కి ఐఎల్‌ఈ మొత్తం. ఎక్కువమంది ఆగిపోయేది ఈ ఐఎల్‌ఈ దగ్గరే. పనితీరులో లోపం ఉండదు. పగలు ఆఫీసు, ఇంట్లో చిన్నపిల్లలు, రాత్రి పదింటికి ఆన్‌లైన్ పాఠాలు, ఏడాది పైన సాగుతుంది. "వచ్చే ఏడు చేద్దాం" అని రెండుసార్లు వాయిదా వేస్తే ప్రమోషన్లకి ఎంపిక చేసే బోర్డు వచ్చేస్తుంది. రెండుసార్లు బోర్డు తప్పితే కెప్టెన్‌ని మామూలుగా బయటికి పంపేస్తారు, మేజర్‌ని 20 ఏళ్ల కమిషన్డ్ సర్వీసు నిండాక. అప్పటికి 18 మంచి సంవత్సరాలు నిండి ఉంటే మాత్రం 20 పూర్తయ్యేదాకా ఉంచుతారు.

రెండో అడ్డంకి ఓఈఆర్, అంటే ఏటా రాసే పనితీరు రిపోర్టు. సీనియర్ రేటర్ తన కింద ఒక ర్యాంకు వాళ్లలో సగం కంటే తక్కువమందికే అత్యున్నత గడి టిక్కు పెట్టగలడు. అందుకే రేటింగ్ ఏడాది మొదట్లోనే ఆయనతో కూర్చుని ఏం చేయాలో రాసుకునే ఫారం పూర్తిచేయాలి. రిజర్వ్‌లో రేటర్లు తరచూ మారతారు. మారేటప్పుడు రాయాల్సిన రిపోర్టు రాయకుండా వెళ్లిపోతే ఫైల్లో ఖాళీ మిగులుతుంది, బోర్డుకి ఆ ఖాళీయే కనిపిస్తుంది. దాని వెంట పడాల్సింది రిపోర్టు ఎవరిదో ఆ ఆఫీసరే.

ఇంటెలిజెన్స్‌లో పోస్టుల మెట్లు మామూలుగా ఇలా ఉంటాయి: బెటాలియన్‌లో ఎస్-2 (ఎస్-2, జీ-2, జే-2 అంటే ఆయా స్థాయి ఇంటెలిజెన్స్ విభాగం) కెప్టెన్, బ్రిగేడ్ ఎస్-2 మేజర్, డివిజన్ జీ-2 లెఫ్టినెంట్ కర్నల్, కోర్ జీ-2 కర్నల్. దీనికి తోడు కమాండ్ చేసి ఉండాలి: కెప్టెన్‌గా ఒక కంపెనీ, లెఫ్టినెంట్ కర్నల్‌గా ఒక బెటాలియన్. ఆర్మీ రిజర్వ్ ఇంటెలిజెన్స్ యూనిట్లు చాలావరకు వర్జీనియాలోని ఫోర్ట్ బెల్వార్‌లో 2005లో ఏర్పడిన మిలిటరీ ఇంటెలిజెన్స్ రెడీనెస్ కమాండ్ కింద ఉంటాయి. మేజర్ అయ్యాక డాలస్‌లో కూర్చుని ఎదగడం కుదరదు. పోస్టు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడికి నెలనెలా విమానంలో వెళ్లాలి, చాలాసార్లు సొంత ఖర్చుతో. ఒకే యూనిట్‌లో పదేళ్లు ఉండిపోయిన ఆఫీసర్‌కి మంచి పేరుంటుంది గానీ బోర్డు దృష్టిలో అనుభవం ఇరుకు. ఒకసారి ఐఎంఏగా, అంటే ఏదైనా యాక్టివ్ సంస్థలో ఒంటరి రిజర్విస్టుగా పనిచేయడం, ఒకసారి జాయింట్ కమాండ్ జే-2లో ఉండటం చాలా ఉపయోగం.

ఇంకో ఇబ్బంది ఈ బ్రాంచికే ప్రత్యేకం. పని అంతా స్కిఫ్ అనే మూసిన గదుల్లోనే. ఫోను బయట పెట్టి లోపలికి వెళ్లాలి, లోపలి పని ఇంటికి తెచ్చుకోవడానికి లేదు. మిగతా బ్రాంచిల మేజర్లు సాయంత్రాలు ఇంటి నుంచి సర్దేసుకునే పని, వీళ్లు స్కిఫ్ ఉన్న చోటికి వెళ్లి చేయాలి. రోస్టర్లు, రిపోర్టులు, ట్రైనింగ్ ప్లాన్లు మాత్రం వారం పొడుగునా రాత్రిళ్లు ఫోన్ మీద నడుస్తూనే ఉంటాయి, వాటికి జీతమూ ఉండదు. లెఫ్టినెంట్ కర్నల్‌గా బెటాలియన్ చేసే రెండేళ్లూ ఇంట్లోవాళ్లు దీనికి సిద్ధపడాలి.

కర్నల్ నియామకాలకి సెనేట్ ఆమోదం కావాలి. లెఫ్టినెంట్ కర్నల్ 28 ఏళ్ల కమిషన్డ్ సర్వీసుకీ, కర్నల్ 30 ఏళ్లకీ దిగిపోవాలి. మీ వాడు 27లో కమిషన్ పొందితే 57 దాకా లెక్క.

పటమట ఆడిటర్:

ప్లాటు సంగతి. మీ అక్కగారికి దయచేసి ఇప్పుడే చెప్పండి, పేరు మార్చొద్దు.

ఇంటెలిజెన్స్ ఆఫీసర్‌కి టాప్ సీక్రెట్, దానిపైన ఎస్‌సీఐ క్లియరెన్స్, అంటే అతి రహస్య గూఢచార సమాచారం చూసే అనుమతి, కావాలి. దానికి నింపేది ఎస్‌ఎఫ్-86 ఫారం. అందులో 20ఏ విభాగం విదేశీ ఆస్తి గురించి "ఇప్పుడు ఉందా" అని మాత్రమే అడగదు, "ఎప్పుడైనా ఉందా, ముందుముందు వచ్చే అవకాశం ఉందా" అని అడుగుతుంది. మార్చేసినా రాయాల్సిందే. పైగా దరఖాస్తుకి నెల ముందు మేనమామ పేరుకి మారిన ప్లాటు చూస్తే ఎందుకు మార్చారన్న ప్రశ్న కొత్తగా పుడుతుంది. ప్లాటు ఉండటం సమస్య కాదు, దాచడం సమస్య. తెలిసి అబద్ధం రాస్తే అది ఐదేళ్ల దాకా జైలు పడే ఫెడరల్ నేరం.

వాళ్లు చూసేది ఆ ఆస్తి వల్ల మీ వాడిని ఎవరైనా లొంగదీయగలరా అని. అందుకని ప్లాటు విలువ ఒక పక్క, అమెరికాలో అతని రిటైర్మెంట్ ఖాతా, పొదుపులు, ఇల్లు ఉంటే ఇల్లు ఇంకో పక్క పెట్టి చూపాలి. రెండోది స్పష్టంగా పెద్దదైతే ఇబ్బంది తగ్గుతుంది. దగ్గర ఉంచుకోవాల్సినవి: సీఆర్‌డీఏ ఇచ్చిన ప్లాటు పత్రం, నాన్నగారు రాసిన దస్తావేజు నకలు, తేదీ, ఈరోజు సుమారు విలువ డాలర్లలో. పూలింగ్ తాలూకు కౌలు ఏమైనా అతని ఖాతాలో పడి ఉంటే అదీ రాయాలి.

ఎన్‌ఆర్‌ఓ ఖాతా దగ్గరే మనవాళ్లు ఎక్కువ దెబ్బతింటున్నారు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల రిపోర్టు, అమెరికా ప్రభుత్వానికి దాఖలు చేయాలి. ఉమ్మడి ఖాతాలో రెండో పేరుగా ఉన్నా లెక్కే. అమ్మమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో సౌకర్యానికి మనవడి పేరు కలిపి ఉంచడం మన ఇళ్లలో మామూలు. అతనికే తెలియకపోవచ్చు! ముందు గుంటూరు బ్యాంకుల్లో అతని పేరు ఎక్కడెక్కడ ఉందో మీరు వెతికి జాబితా పంపండి. పాత ఏళ్లవి దాఖలు కాకపోతే అక్కడి సీపీఏ (మన సీఏ లాంటివాడు) ద్వారా ఎస్‌ఎఫ్-86 కంటే ముందే సరిచేయించాలి. ఆ ఎన్‌ఆర్‌ఓ వడ్డీ అమెరికా రిటర్నులో చూపించాడో లేదో కూడా చూడండి. ఇక్కడ టీడీఎస్ కోశారు కదా అని అక్కడ వదిలేస్తారు, అది తప్పు.

బంధువుల విషయం: ఎస్‌ఎఫ్-86 18వ విభాగంలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, అత్తమామలు వస్తారు, భార్య వివరాలు 17లో. మేనమామ అందులో రాడు. కానీ వారానికోసారి వీడియోలో మాట్లాడుకునే మేనమామ అయితే, మీరు విదేశీ పౌరులు కాబట్టి, 19వ విభాగంలో మీ పేరు రాయాలి. మీ పుట్టినతేదీ, చిరునామా, ఏం పని చేస్తారో అడుగుతారు. ప్రభుత్వోద్యోగం అయితే అదీ చెప్పండి.

కృష్ణలంక కుర్రాడు:

మేం ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లం. ఉద్యోగం చేసుకుంటూ మన సైన్యంలో ఇలా ఇంటెలిజెన్స్ ఆఫీసర్ అవ్వొచ్చా? ధోనీ లాగా టెరిటోరియల్ ఆర్మీ అంటారు కదా.

రిజర్వ్ లెక్కలు:

తమ్ముడూ, ధోనీకి 2011లో ఇచ్చింది గౌరవ ర్యాంకు. నువ్వు చూడాల్సింది పరీక్ష రాసి వచ్చే కమిషన్. వయసు 18 నుంచి 42, డిగ్రీ, ఏదో ఒక సంపాదన ఉన్న పని. రీజనింగ్, లెక్కలు, జీకే, ఇంగ్లిష్‌లతో రాతపరీక్ష, తర్వాత ప్రిలిమినరీ ఇంటర్వ్యూ, ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక బోర్డు), మెడికల్. మన ఆంధ్రా సదరన్ కమాండ్ కిందికి వస్తుంది, దాని టీఏ (టెరిటోరియల్ ఆర్మీ) గ్రూపు పుణెలో. మొదటి ఏడాది ఒక నెల బేసిక్ ట్రైనింగ్, ఏటా రెండు నెలల క్యాంపు, మొదటి రెండేళ్లలో డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో మూడు నెలలు. లెఫ్టినెంట్ మూలవేతనం 56,100, మిలిటరీ సర్వీస్ పే 15,500. డ్యూటీకి పిలిచిన రోజులకే ఇస్తారు. లెఫ్టినెంట్ కర్నల్ దాకా కాలాన్ని బట్టి, కర్నల్, బ్రిగేడియర్ ఎంపిక మీద. పెన్షన్‌కి 20 ఏళ్లు నిజంగా డ్యూటీలో ఉండాలి, ఏడాదికి రెండు నెలల క్యాంపులతో అది రాదు.

ఇంటెలిజెన్స్ మాత్రం అమెరికా రిజర్వ్‌లో లాగా జీవితకాలపు బ్రాంచిగా ఇక్కడ టీఏలో ఉండదు. ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లో ఇంటెలిజెన్స్ ఆఫీసర్ పోస్టు ఉంటుంది, కుర్ర ఆఫీసర్లకి ఇస్తారు, కొంతకాలం చేసి మారతారు. అదే జీవితం కావాలంటే రెగ్యులర్ సైన్యంలోకి వెళ్లి ఇంటెలిజెన్స్ కోర్ పట్టుకోవాలి, దాని శిక్షణ స్కూలు పుణెలో. చైనా భాష బాగా వస్తే టీఏ వైపు ఒక చిన్న దారి తెరిచారు: సరిహద్దు చర్చల కోసం 2024లో మాండరిన్ నిపుణులని తీసుకున్నారు. మనకి దగ్గర టీఏ బెటాలియన్ సికింద్రాబాద్‌లో ఉన్న 125 గార్డ్స్.

లక్ష్మీపురం వీసా:

మేనమామ గారు ఓసీఐ అడిగారు, ఎవరూ ముట్టుకోలేదు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే.

భారత ప్రభుత్వ నిబంధన ప్రకారం విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకీ, రిటైరైనవాళ్లకీ ఓసీఐ ఇవ్వరు. రిజర్విస్టు పార్ట్‌టైమే కదా అని వాదించి లాభం లేదు. ఇప్పటికే కార్డు ఉన్నవాడు చేరబోతుంటే ప్రమాణం చేయకముందే హ్యూస్టన్ కాన్సులేట్‌కి లిఖితపూర్వకంగా తెలియజేసి, వాళ్లు చెప్పినట్టు కార్డు వదులుకోవడం క్షేమం. దాచిపెట్టి అదే కార్డుతో హైదరాబాద్‌లో దిగడం రెండు దేశాల దగ్గరా తప్పవుతుంది. ఇది ఇరవై ఏళ్లకి ముగిసేది కూడా కాదు, రిటైరయ్యాకా వీసా మీదే రావాలి. ఆ నిర్ణయం మీ అక్క, బావగారు కూర్చుని ఇప్పుడే తీసుకోవాలి.

వీసా ఫారంలో సైన్యం, పోలీసు, సెక్యూరిటీ సంస్థల్లో పనిచేశారా అన్న ప్రశ్న ఉంటుంది. సంస్థ, హోదా, ర్యాంకు, పనిచేసే చోటు అడుగుతుంది. అవునని రాస్తే పరిశీలనకి సమయం పడుతుంది. ముహూర్తం పెట్టుకుని రెండు వారాల ముందు వీసా వేస్తే అందదు. అటు వైపు కూడా, క్లియరెన్స్ ఉన్నవాళ్లు సొంత పనిమీద విదేశం వెళ్లినా ముందే తేదీలు, చోట్లు యూనిట్ సెక్యూరిటీ మేనేజర్‌కి ఇచ్చి అనుమతి పొందాలి.

ఓసీఐ లేకపోయినా వారసత్వంగా వచ్చిన భూమి పోదు. కొత్తగా కొనడం దగ్గర ఆంక్షలు ఉంటాయి.

బ్రాడీపేట మేనమామ:

అందరికీ నమస్కారాలు. ప్లాటు జోలికి వెళ్లొద్దని అక్కతో చెప్పాను. అమ్మ పేర ఉన్న డిపాజిట్ ఒకదాంట్లో వాడి పేరు నిజంగానే ఉంది, ఆడిటర్ గారు చెప్పాకే గుర్తొచ్చింది. పెళ్లి ఇక్కడి అమ్మాయితో అయితే క్లియరెన్స్ వస్తుందా? పెళ్లి ముందా, చేరడం ముందా?

పటమట ఆడిటర్:

భారత పౌరురాలిని చేసుకున్నంత మాత్రాన రాదని లేదు, ఒక్కో కేసు విడిగా చూస్తారు. మాటలు ఖాయమయ్యాక రిపోర్టు చేయకుండా నిశ్చితార్థం దాకా వెళ్లడమే పొరపాటు. విచారణ మధ్యలో పెళ్లి జరిగితే అమ్మాయి, ఆమె తల్లిదండ్రుల వివరాలు కొత్తగా చేర్చాలి, కేసు అక్కడే ఆగిపోతుంది. ఈ ఏడాదే చేసే ఉద్దేశం ఉంటే పెళ్లి అయ్యాక ఎస్‌ఎఫ్-86 నింపడం తేలిక, అన్నీ ఒకేసారి వెళతాయి. రెండు మూడేళ్ల తర్వాత అయితే ఆగక్కర్లేదు, చేరిపోవచ్చు. పౌరుడి భార్య గ్రీన్‌కార్డు వచ్చిన మూడేళ్లకి పౌరసత్వానికి వేసుకోవచ్చు. ఆమె పౌరురాలైనా అత్తమామలు గుంటూరులోనే ఉంటారు కాబట్టి 18వ విభాగంలో వాళ్లు ఎప్పటికీ ఉంటారు.

సంబంధం చూసేటప్పుడు అమ్మాయి వైపు వాళ్లకి ముందే చెప్పండి, వాళ్ల పేర్లు, పుట్టినతేదీలు, ఉద్యోగాలు అమెరికా ప్రభుత్వానికి ఇవ్వాల్సి వస్తుందని. కొందరికి ఇష్టం ఉండదు, పెళ్లయ్యాక తెలిసి బాధపడేకంటే అప్పుడే తేలిపోవడం మేలు.

ఆ డిపాజిట్ సంగతి, పేరు తీసేయించే ముందు గత ఏళ్ల స్టేట్‌మెంట్లు బ్యాంకు నుంచి స్టాంపుతో తీసుకోండి. ఖాతా మూసేశాక అవి రాబట్టడం కష్టం, సీపీఏ మొదట అడిగేది అవే.

రిజర్వ్ లెక్కలు:

ఒక మాట కలుపుతాను. ఎస్‌ఎఫ్-86లో విదేశీ ప్రయాణాలు ఏడేళ్లవి, నివాసాలు, ఉద్యోగాలు పదేళ్లవి అడుగుతారు. పాత పాస్‌పోర్టులు పారేయొద్దని మీ వాడికి చెప్పండి. ఫారం నింపాక ఒక ప్రతి తన దగ్గర భద్రంగా ఉంచుకోవాలి. తర్వాత ఏళ్లలో ఇచ్చే సమాచారాన్ని మొదటిదానితో పోల్చి చూస్తారు, ఇప్పుడు నిరంతర పరిశీలన పద్ధతి వచ్చింది కాబట్టి ఐదేళ్ల దాకా ఎవరూ ఆగరు. తేదీ తేడా వస్తే ఎందుకో చెప్పడానికి ఆ ప్రతే ఆధారం.